ఆరు పెద్దదా, ఏడు పెద్దదా?

ఐ.సి. ఇంజిన్స్ పేపర్లో స్పార్క్ ప్లగ్ విలువ రెండు మార్కులు. బొమ్మ గీసి, సెంటర్ ఎలక్ట్రోడ్, గ్రౌండ్ ఎలక్ట్రోడ్, ఇన్సులేటర్, షెల్ అని నాలుగు బాణాలు పెడితే ఆ రెండూ పడిపోతాయి. హీట్ రేంజ్ అనే మాట పుస్తకంలో ఒక్క పేరాలో వస్తుంది. మనలో చాలామందిమి ఆ పేరా దాటేసి డెటొనేషన్ దగ్గరికి వెళ్లిపోతాం, పది మార్కుల ప్రశ్న అక్కడుంది కాబట్టి. ఈ వ్యాసం మనం దాటేసిన ఆ పేరా గురించి. మెకానికల్ వాళ్లకే అనుకోకండి. ఇంట్లో కారో, బండో ఉన్న సీఎస్ఈ మిత్రులు కూడా చదవొచ్చు. ఫార్ములాలు లేవు.

మాది మల్లాపూర్. ఇటు నాచారం ఇండస్ట్రియల్ ఏరియా, అటు మౌలాలి, కిందికి దిగితే హబ్సిగూడ, ఉప్పల్. ఈ చుట్టుపక్కల గల్లీల్లో ప్రతి రెండో మలుపులో ఒక మెకానిక్ షెడ్డు ఉంటుంది. రేకుల కప్పు, నల్లటి నేల, గోడకి వేలాడే పానాలు, ఒక ఉస్తాద్, ఇద్దరు పిల్లగాళ్లు. పొద్దున ఆరింటికే క్యాబ్‌లు, ఆటోలు వచ్చి నిలబడతాయి. బండి ఆగిన రోజు సంపాదన కూడా ఆగిపోతుంది కాబట్టి అక్కడ ఎవరికీ ఓపిక ఉండదు. మా మేనమామ కూడా ఆ వరసలో నిలబడే మనిషే. ఆయనది మూడు సిలిండర్ల చిన్న కారు, కంపెనీ ఫిట్టెడ్ సీఎన్‌జీ. ఉప్పల్ మెట్రో దగ్గర నుంచి మొదలుపెట్టి రోజంతా ఊరు తిరుగుతాడు. నెలకి ఈఎంఐ, ఇద్దరు పిల్లల ఫీజులు, అన్నీ ఆ మూడు సిలిండర్ల మీదే.

ఈ మే నెలలో బండి మిస్సింగ్ కొట్టడం మొదలైంది. "గ్యాస్ మీద పెడితే గుంజుతలేదు బిడ్డా, పెట్రోల్ మీద మంచిగనే పోతది" అన్నాడు మామ. ముఖ్యంగా తార్నాక ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, ఏసీ వేసి నలుగురు ప్యాసింజర్లు ఉన్నప్పుడు, ఎవరో వెనక నుంచి పట్టి లాగినట్టు కుదుపు. సాఫీ రోడ్డు మీద మెల్లగా పోతే ఏమీ లేదు. ఆ కుదుపు భయానికి మూడు వారాలు పెట్రోల్ మీదే నడిపాడు. వంద దాటిన పెట్రోల్ పోసి క్యాబ్ నడిపితే చేతికి ఎంత మిగులుతుందో నేను చెప్పక్కర్లేదు.

సలహాలకి మాత్రం కొదవలేదు. ఒక వర్క్‌షాప్‌లో చూసి గ్యాస్ కిట్ పార్టులు మార్చాలి, పన్నెండు వేలు అన్నారు. ఇంకోచోట ఇంజిన్ ఇప్పి చూడాలి అన్నారు. స్పేర్ పార్ట్స్ షాపులో కుర్రాడు ఇరిడియం ప్లగ్‌లు వేస్తే అన్నీ సెట్ అయిపోతాయి అన్నాడు. ఇక ఉప్పల్ స్టాండులో తోటి డ్రైవర్ల మాట: "ఆరు నంబర్ తీసి ఏడు నంబర్ పెట్టు, నంబర్ పెద్దదైతే పవర్ ఎక్కువ ఉంటది." మామ చిట్టీ ఎత్తి పన్నెండు వేలూ కట్టేద్దామనే దాకా వచ్చాడు. అప్పుడు అమ్మ నన్ను చూపించి, "దీన్ని మెకానికల్ ఎందుకు చదివిస్తున్నం? అడుగు" అంది.

అడిగితే జవాబు చెప్పాలి కదా. అందుకని మాన్యువల్ తీసి కూర్చున్నాను. ఆ పది రోజుల్లో చదివింది, మా గల్లీ ఉస్తాద్ దగ్గర కళ్లతో చూసింది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

నిప్పు ఎక్కడ తప్పుతుంది?

ప్లగ్ చేసే పని చూడ్డానికి చిన్నది. కాయిల్ నుంచి వచ్చే వేల ఓల్టులు రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సందుని దూకాలి. ఆ సందు సుమారు మిల్లీమీటరు, కొన్ని కార్లలో ఇంకా తక్కువ. దూకడానికి ఎంత ఓల్టేజ్ కావాలనేది రెండు విషయాల మీద ఆధారపడుతుంది: సందు ఎంత, అక్కడ గాలి ఒత్తిడి ఎంత. ఇది 1889లో ఫ్రెడ్రిక్ పాషెన్ చెప్పిన సూత్రమే, ట్రిపుల్ఈ మిత్రులకి తెలిసిందే. సందు పెరిగినా, ఒత్తిడి పెరిగినా ఓల్టేజ్ ఎక్కువ కావాలి.

ఇప్పుడు తార్నాక ఫ్లైఓవర్ దగ్గరికి రండి. ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కుతాం. సిలిండర్‌లోకి ఎక్కువ గాలి, ఇంధనం వెళ్తాయి, ఒత్తిడి పెరుగుతుంది, నిప్పు దూకడం కష్టమవుతుంది. సీఎన్‌జీ అయితే ఇంకో మెట్టు కష్టం, దాన్ని వెలిగించడానికి పెట్రోల్ కంటే ఎక్కువ ఓల్టేజ్ కావాలి. అంటే ప్లగ్ కొంచెం అరిగినా మొదట బయటపడేది గ్యాస్ మీదే, అదీ లోడ్‌లోనే. పెట్రోల్ మీద అదే ప్లగ్ ఇంకా కొన్నాళ్లు నెట్టుకొస్తుంది. మామ చెప్పిన లక్షణాలు సరిగ్గా ఇవే. కాబట్టి గ్యాస్ మీద మాత్రమే మిస్సింగ్ అంటే వెంటనే గ్యాస్ కిట్ పోయిందని అనుకోనక్కర్లేదు. కిట్ కూడా కారణం కావొచ్చు. కాకపోతే ముందు చూడాల్సింది తక్కువ ఖర్చులో చూడగలిగే చోటు, అంటే ప్లగ్.

హాట్ ప్లగ్, కోల్డ్ ప్లగ్

అసలు గందరగోళం ఇక్కడుంది. హాట్ ప్లగ్ అంటే పెద్ద నిప్పు ఇచ్చేది అని చాలామంది అనుకుంటారు. నిప్పుతో దానికి సంబంధమే లేదు. హీట్ రేంజ్ అంటే ప్లగ్ తన మొన దగ్గరి వేడిని ఎంత త్వరగా ఇంజిన్ హెడ్‌కి వదిలించుకుంటుంది అనేది. లోపల తెల్లటి పింగాణీ ముక్కు ఉంటుంది కదా, అది పొడుగ్గా ఉంటే వేడి బయటికి పోయే దారి పొడుగు. వేడి అక్కడే నిలుస్తుంది, అది హాట్ ప్లగ్. ముక్కు పొట్టిగా ఉంటే వేడి చప్పున షెల్‌లోకి, అక్కణ్ణుంచి హెడ్‌లోకి, కూలెంట్‌లోకి పోతుంది. అది కోల్డ్ ప్లగ్.

మొన వేడి ఒక హద్దులో ఉండాలి. సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దాటితేనే దాని మీద పట్టిన మసి తనంతట తానే కాలిపోతుంది. 870 డిగ్రీల దగ్గర్లోకి వెళ్తే మొన ఎర్రగా కాలి, నిప్పు రాకముందే ఇంధనాన్ని అంటించేస్తుంది. దాన్నే ప్రీ ఇగ్నిషన్ అంటాం, పిస్టన్‌కి చిల్లు పెట్టేది అదే. కింద మసి, పైన చిల్లు, ఈ రెండింటి మధ్యలో ప్లగ్‌ని ఉంచడమే హీట్ రేంజ్ పని. ఒక్క అంకె మారితే మొన దగ్గర సుమారు 70 నుంచి 100 డిగ్రీల తేడా వస్తుంది. కాబట్టి "ఒక్క నంబరే కదా" అనేది చిన్న మాట కాదు. ఎప్పుడూ హైవే మీద గట్టిగా లాగే ఇంజిన్‌కీ, హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఐడ్లింగ్‌లో కాలం గడిపే ఇంజిన్‌కీ కావలసిన వేడి ఒకటి కాదు. కారు కంపెనీ ఈ రెండూ చూసుకునే మాన్యువల్‌లో ఒక అంకె రాస్తుంది.

ఇప్పుడు అసలు తమాషా. ఆ అంకెని అన్ని కంపెనీలూ ఒకే వైపు నుంచి లెక్కపెట్టవు. ఎన్‌జీకే, డెన్సో అనే జపాన్ కంపెనీలలో అంకె పెరిగితే ప్లగ్ కోల్డ్ అవుతుంది. బాష్, ఛాంపియన్‌లలో అంకె పెరిగితే హాట్ అవుతుంది. ఒకదానికొకటి పూర్తిగా తిరగబడ్డ లెక్క. బాగా వాడకంలో ఉన్న ఒక ప్లగ్‌నే తీసుకోండి. ఎన్‌జీకేలో దాని పేరు బీపీఆర్6ఈఎస్. దానికి సమానమైనది బాష్‌లో డబ్ల్యూఆర్7డీసీ, ఛాంపియన్‌లో ఆర్ఎన్9వైసీ, డెన్సోలో డబ్ల్యూ20ఈపీఆర్-యు. అదే కొలత, ఇంచుమించు అదే హీట్ రేంజ్. అంకెలు మాత్రం 6, 7, 9, 20. అంటే ఉప్పల్ స్టాండులో "ఆరు తీసి ఏడు పెట్టు" అన్న మాటకి, ఏ డబ్బా కొన్నారనేదాన్ని బట్టి అర్థం మారిపోతుంది. ఎన్‌జీకేలో ఏడు కొంటే ఒక మెట్టు కోల్డ్. ఎన్‌జీకే ఆరు బదులు బాష్ ఏడు కొంటే ఏ తేడా లేదు. పవర్ మాత్రం దేనిలోనూ పెరగదు.

అక్షరాలు కూడా చదవాలి

అంకె ఒక్కటే కాదు. బీపీఆర్6ఈఎస్‌నే విప్పి చూద్దాం. బి అంటే 14 మిల్లీమీటర్ల మర. పి అంటే పింగాణీ మొన బయటికి పొడుచుకొచ్చినట్టు ఉంటుంది. ఆర్ అంటే లోపల రెసిస్టర్ ఉంది. 6 హీట్ రేంజ్. ఈ అంటే మర పొడుగు, దీన్నే రీచ్ అంటారు, 19 మిల్లీమీటర్లు. ఎస్ అంటే మామూలు రాగి కోర్ ఎలక్ట్రోడ్.

వీటిలో రీచ్ తప్పితే నష్టం వెంటనే, పెద్దగా ఉంటుంది. 19 ఉండాల్సిన చోట 12.7 పెడితే మొన లోపలికి అందదు, ఖాళీగా మిగిలిన మరల్లో మసి పేరుకుంటుంది, తర్వాత సరైన ప్లగ్ కూడా ఎక్కదు. 12.7 ఉండాల్సిన చోట 19 పెడితే పిస్టన్‌కో, వాల్వ్‌కో తగిలే ప్రమాదం ఉంది. ఇక ఆర్ అక్షరం గురించి. రెసిస్టర్ సాధారణంగా 5 కిలో ఓమ్స్ ఉంటుంది. నిప్పు దూకినప్పుడల్లా రేడియో తరంగాల్లాంటి రొద పుడుతుంది. దాన్ని అణచడమే రెసిస్టర్ పని. పాత కార్లలో ఆ రొద రేడియోలో గరగరగా వినిపించేది. ఇప్పటి కార్లలో ఈసీయూ, సెన్సర్లు ఉన్నాయి కాబట్టి, ఆర్ ఉండాల్సిన చోట ఆర్ లేని ప్లగ్ పెట్టకూడదు.

ఇరిడియం మాటేమిటి? షాపు కుర్రాడు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. ఇరిడియం 2446 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నికెల్ 1455 దగ్గరే. అంత గట్టి లోహం కాబట్టి మొనని సన్నగా చెక్కొచ్చు. నికెల్ ఎలక్ట్రోడ్ సుమారు 2.5 మిల్లీమీటర్ల మందం ఉంటే ఇరిడియం మొన 0.6, కొన్నిటిలో 0.4 మిల్లీమీటర్లే ఉంటుంది. సన్నటి మొన నుంచి నిప్పు తక్కువ ఓల్టేజ్‌కే దూకుతుంది, పైగా చాలా ఎక్కువ కిలోమీటర్లు మన్నుతుంది. గ్యాస్ బండికి ఇది మేలే. కానీ హీట్ రేంజ్, రీచ్, గ్యాప్ మాన్యువల్‌కి సరిపోయినప్పుడే మేలు. తప్పు కోడ్ ఉన్న ఇరిడియం ప్లగ్ ఖరీదైన తప్పు ప్లగ్, అంతే. అరిగిన నికెల్ తీసి కొత్త ఇరిడియం వేసి "ఆహా, ఎంత తేడా" అనేవాళ్లలో చాలామంది కొత్త నికెల్ వేసినా అదే మాట అనేవాళ్లు.

ఉస్తాద్ బల్ల మీద మూడు ప్లగ్‌లు

ఇంత చదివాక మామని తీసుకుని మా గల్లీ ఉస్తాద్ దగ్గరికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. ఇప్పటికీ ఏ కంపెనీ ప్లగ్‌నైనా "మైకో" అనే అంటాడు. మైకో అంటే 1951లో బెంగళూరులో పెట్టిన మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ. మన దేశంలో ఒక తరం మొత్తానికి ప్లగ్ అంటే మైకోనే. బాష్ వాళ్లదే ఆ కంపెనీ, 2008లో పేరు కూడా బాష్ అని మార్చుకుంది. పేరు మారి ఇన్నేళ్లయినా ఉస్తాద్ నోట్లో మాత్రం మారలేదు.

"ఇంజిన్ ఇప్పుడు తర్వాత సంగతి, ముందు ప్లగ్‌లు మాట్లాడనీ" అన్నాడు ఆయన. ఇంజిన్ చల్లారాక, గాలి కొట్టి ప్లగ్ గుంతల్లో దుమ్ము ఊది, ప్లగ్ పానాతో ఒక్కొక్కటీ తీసి, ఏ సిలిండర్‌ది ఏదో తెలిసేలా బల్ల మీద వరసగా పెట్టాడు. ఆ వరస ముఖ్యం. కలిపేస్తే సగం సమాచారం పోయినట్టే.

ప్లగ్ మొన రంగు చదవడం ఒక విద్య. లేత గోధుమరంగు లేదా బూడిదరంగు ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి నల్ల మసి ఉంటే ఇంధనం ఎక్కువవుతోంది, లేదా నిప్పు సరిగా పడట్లేదు, లేదా ప్లగ్ మరీ కోల్డ్. తడిగా, నూనె జిడ్డుగా ఉంటే రింగులో, వాల్వ్ సీళ్లో చూడాలి. అప్పుడు ఇంజిన్ ఇప్పే మాట నిజం అవుతుంది. తెల్లగా, బుడిపెలతో ఉంటే ప్లగ్ అతిగా వేడెక్కుతోంది.

మా మూడింటిలో ఒకటో, మూడో ప్లగ్‌లు గోధుమరంగులో ఉన్నాయి. ఎక్కడా నూనె లేదు. అది చూడగానే మామ ముఖంలో కొంచెం రక్తం వచ్చింది, ఇంజిన్ ఇప్పే ఖర్చు దాదాపు తప్పినట్టే. కానీ ఆ రెండింటి సెంటర్ ఎలక్ట్రోడ్‌లు అంచులు అరిగి గుండ్రంగా అయిపోయాయి. ఫీలర్ గేజ్ పెట్టి చూస్తే మాన్యువల్‌లో రాసిన గ్యాప్ కంటే బాగా ఎక్కువ. పాషెన్ గారు చెప్పింది ఇదే.

రెండో ప్లగ్ మాత్రం వేరే రంగు, పొడి నల్ల మసి. ఉస్తాద్ దాన్ని గుడ్డతో తుడిచి పింగాణీ మీది అక్షరాలు నాకు చూపించాడు. "ఇది వేరే కంపెనీది బిడ్డా. చదువు." చదివాను. మాన్యువల్‌లో హీట్ రేంజ్ 6. దీని మీద కూడా 6. కానీ ఇది అంకె తగ్గితే కోల్డ్ అయ్యే కంపెనీది. దాని లెక్కలో మనకి కావలసింది 7. మామకి అప్పుడు గుర్తొచ్చింది. చలికాలంలో ఒకసారి ఊరి బయట బండి ఆగితే, రోడ్డు పక్కన ఎవరో ఆరుకి ఆరు చూసి ఒక్క ప్లగ్ మార్చారట. ఒక మెట్టు కోల్డ్ ప్లగ్, దాని మీద మూడు వారాలు పెట్రోల్, సిటీ ట్రాఫిక్. మసి కాలేంత వేడి దానికి ఎప్పుడూ రాలేదు.

అయినా ఉస్తాద్ తొందరపడలేదు. "మసికి ప్లగ్ ఒక్కటే కారణమని ఇప్పుడే చెప్పలేం. కొత్తవి మూడూ ఒక్కతీరువి వేద్దాం. వెయ్యి కిలోమీటర్లు తిరిగినంక రెండోది తీసి చూద్దాం. మళ్లీ నల్లగయితే కాయిల్, ఇంజెక్టర్ చూద్దాం" అన్నాడు. ఒక్క కారణాన్నే మార్చి ఫలితం చూడటం అంటే ఏమిటో ఏ ల్యాబ్ రికార్డులోనూ ఇంత బాగా రాసి ఉండగా నేను చూడలేదు.

మాన్యువల్‌లోని కోడ్ ఫోన్లో ఫోటో తీసుకుని రాణిగంజ్ వెళ్లి, బిల్లుతో మూడు నికెల్ ప్లగ్‌లు తెచ్చాం. ఇరిడియం గురించి మామ అడిగాడు. ముందు జబ్బేమిటో తేలనీ, తర్వాత చూద్దాం అనుకున్నాం. మూడూ కలిపి వెయ్యి రూపాయల లోపే అయింది. బిగించేటప్పుడు ఉస్తాద్ రబ్బరు పైపు ముక్క ప్లగ్ తలకి తొడిగి, మొదటి మరలన్నీ చేత్తోనే తిప్పాడు. హెడ్ అల్యూమినియం. మర వంకరగా ఎక్కితే రబ్బరు పైపు జారుతుంది, పానా అయితే జారదు, హెడ్‌ని చెడగొడుతుంది. వాషర్ ఆనిన తర్వాత పానాతో అర చుట్టు నుంచి మూడింట రెండు వంతుల చుట్టు. 14 మిల్లీమీటర్ల ప్లగ్‌కి అది సుమారు 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు. ఆయన దగ్గర టార్క్ రెంచ్ లేదు. మణికట్టులో ఉంది.

ఆ సాయంత్రమే తార్నాక ఫ్లైఓవర్ గ్యాస్ మీద ఎక్కాం, ఏసీ వేసుకుని. కుదుపు లేదు. అయినా నేను వెయ్యి కిలోమీటర్ల కోసం ఆగాను. క్యాబ్‌కి అది వారం పని. వారం తర్వాత రెండో ప్లగ్ తీస్తే లేత గోధుమరంగు. ఉస్తాద్ దాన్ని మామ చేతిలో పెట్టి, "పన్నెండు వేలు జేబులో పెట్టుకో" అన్నాడు.

కొనేటప్పుడు

మీ ఇంట్లో బండికి ప్లగ్‌లు మార్చే రోజు వస్తే ఇవి గుర్తుంచుకోండి. షాపులో "ఫలానా కారుకి ప్లగ్ ఇవ్వండి" అనకండి, మాన్యువల్‌లోని పూర్తి కోడ్ అడగండి. వేరే కంపెనీది ఇస్తే ఆ కంపెనీ పట్టికలో సమానమైన కోడ్ చూపించమనండి, అంకెకి అంకె పోల్చకండి. డబ్బా మీది కోడ్, పింగాణీ మీది కోడ్ ఒకటే ఉండాలి. నకిలీవి తిరుగుతున్నాయి కాబట్టి మరలు శుభ్రంగా ఉన్నాయా, సెంటర్ ఎలక్ట్రోడ్ నిజంగా మధ్యలో ఉందా చూడండి. రెసిస్టర్ ఉన్న ప్లగ్ అయితే మల్టీమీటర్‌తో పై కొన నుంచి సెంటర్ ఎలక్ట్రోడ్‌కి కొలవండి, కొన్ని వేల ఓమ్స్ రావాలి. సున్నా వస్తే అనుమానించండి. గ్యాప్ సరిచేయాలంటే గ్రౌండ్ ఎలక్ట్రోడ్‌ని మాత్రమే వంచాలి. ఇరిడియం మొనని దేనితోనూ నొక్కకూడదు, విరుగుతుంది. సెట్ మొత్తం ఒకేసారి మార్చండి. దారిలో తప్పనిసరై ఒకటి మారిస్తే, ఇంటికొచ్చాక దాని కోడ్ చదవండి.

మామ ఇప్పుడు డ్యాష్‌బోర్డులో ఒక కాగితం పెట్టుకున్నాడు. కోడ్, గ్యాప్, మార్చిన రోజు కిలోమీటర్ రీడింగ్, కింద తన చేతిరాతతో "నంబర్ పెద్దదైతే పవర్ కాదు" అని. స్టాండులో ఇంకొకరి బండి మిస్సింగ్ కొడితే ఆ కాగితం తీసి చదివి వినిపిస్తున్నాడట. నన్ను మాత్రం "ఇంజినీరు" అనడం ఇంకా మొదలుపెట్టలేదు. ఉస్తాద్‌ని అంటున్నాడు, అది న్యాయమే.

పాత ప్లగ్‌లు మూడూ నా దగ్గరే ఉన్నాయి. రెండు గోధుమరంగు, ఒకటి నలుపు. చూడాలనుకున్న వాళ్లు చెప్పండి, వచ్చే క్లబ్ మీటింగ్‌కి తెస్తాను. ఫీలర్ గేజ్ ఎవరైనా తెచ్చుకోండి.